వాలులో ఆపిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వాన నీళ్ళు తాగేది కారు ఒక్కటే. మనుషులమంతా బావి నీళ్ళే తాగేవాళ్ళం.

ఈ మాట ఇక్కడ కర్నూల్లో ఎవరితోనైనా అంటే నవ్వుతారని తెలుసు కాబట్టి నేను అనను. అసలు నలుగురిలో నోరు తెరిచి ఏదైనా చెప్పడమే నాకు చేతకాదు. రాసుకోమంటే రాసుకోగలను. పడుకోబోయే ముందు కాసేపు రాసుకునే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. మా జేజినాయన గురించి అలా ఎన్నోసార్లు ముక్కలు ముక్కలుగా రాసుకున్నాను. ఆ ఒక్క రోజును మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడూ రాయలేదు.

మా ఊరు మైదుకూరుకు అవతల ఒక మిట్ట మీద ఉంటుంది. ఊళ్ళో ఎక్కడ బావి తవ్వినా నీళ్ళలో ఉప్పు తగులుతుంది. పుట్టినప్పటి నుంచీ అవే తాగేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం మొదటి గుక్కకు ముఖం చిట్లించి, మర్యాద కోసం రెండో గుక్క మింగేవాళ్ళు. మా అమ్మానాయనలు అన్న చదువు కోసం కడపలో కాపురం పెట్టడంతో నేను జేజి దగ్గరే పెరిగాను. జేజి అంటే మా నాయనమ్మ. జేజినాయన మా తాత.

జేజినాయనకు ఒక నల్ల కారు ఉండేది. ఎవరో దొర దేశం విడిచి పోతూ అమ్ముకుంటే కొన్నాడట. కొట్టంలో ఒక పక్క ఎద్దులు, ఒక పక్క అది. ఎద్దులకు ఎంత సేవ చేసేవాడో దానికీ అంతే. ముఖ్యంగా దాని బ్యాట్రీకి. ఎండాకాలం వస్తే బ్యాట్రీలో నీళ్ళు ఇగిరిపోతాయి. ఇగిరినప్పుడల్లా పోయాలి. అయితే మా బావి నీళ్ళు పోస్తే అందులోని ఉప్పు బ్యాట్రీని లోపల్లోపల తినేస్తుందని, నింపుకున్న బలమంతా ఊరికే నిలబడినా కారిపోతుందని ఆయన చెప్పేవాడు. కడపలో సీసాల్లో అమ్మే నీళ్ళ మీద ఆయనకు నమ్మకం లేదు. “సూర్యుడు కాచి మబ్బు వడగట్టిన నీళ్ళు ఉండంగా ఆ సీసాలెందుకు?” అనేవాడు.

అందుకని ఏటా ఒక తతంగం జరిగేది. మొదటి వానను వదిలేసేవాళ్ళం, అది గాలిలోని దుమ్ము కడగడానికే సరిపోతుంది. రెండో వానకు మబ్బు పట్టగానే జేజినాయన వాకిట్లో నాలుగు కొయ్యలు పాతి, ఉతికిన తెల్ల పంచె నాలుగు కొసలూ కట్టి, నడుమ ఒక గులకరాయి వేసేవాడు. పంచె నడుమ గుంట పడి, అందులోంచి నీళ్ళు సన్నటి ధారగా కింది జాడీలోకి దిగేవి. ఇనుప గిన్నె, రాగి చెంబు పనికిరావు, పింగాణీ జాడీయే కావాలి. అది జేజి ఊరగాయ జాడీ. “మనుషులు ఊరగాయ లేకుండా బతకల్ల, మోటరు మాత్రం నీళ్ళు లేకుండా బతక్కూడదు!” అని ఆమె ఏటా సణిగేది. సణుగుతూనే జాడీ కడిగి ఎండబెట్టి ఇచ్చేది. మూతికి గుడ్డ కట్టి జాడీని అటక మీద పెట్టిన తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

బ్యాట్రీ మీద అనుమానం వచ్చిన రోజుల్లో జేజినాయన ఇంకొక పని చేసేవాడు. ఎక్కడికి పోయినా చదునుగా ఉన్న చోట కారు ఆపేవాడు కాదు. మిట్ట చూసి, ముక్కు కిందికి పెట్టి, చక్రం కింద రాయి వేసి ఆపేవాడు. మళ్ళీ బయలుదేరేటప్పుడు రాయి తీస్తే చాలు, కారు దానంతట అదే దొర్లేది, ఆ ఊపుకు ఇంజను అందుకునేది. బ్యాట్రీతో పని ఉండదు. “చుట్టాల ఇల్లు ఒక కాడ, మనం దిగేది ఒక కాడ. మిట్ట యాడుంటే ఆడ దింపుతాడు మీ జేజినాయన,” అని జేజి అందరికీ చెప్పి నవ్వేది.

నాకు పదకొండో ఏడు నడుస్తున్నప్పుడు మా చిన్నమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. చిన్నాయన పట్టాళంలో ఉండేవాడు. పెళ్ళయిన కొద్దినాళ్ళకే సెలవు అయిపోయి మద్రాసు వైపు వెళ్ళిపోయాడు. చిన్నమ్మ నంద్యాల దిక్కు మనిషి, కుందూ నీళ్ళు తాగి పెరిగింది. వచ్చిన మొదట్లోనే ఆమెకు మా నీళ్ళు దిగలేదు. ఇక వేవిళ్ళు మొదలయ్యాక నోట్లో పోసుకున్నవి పోసుకున్నట్టే బయటికి వచ్చేసేవి. ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. మామ ఇంట్లో ఉంటే తల ఎత్తేది కాదు, గొంతు పైకి వచ్చేది కాదు. నాలాంటిదే అని నాకు ఆమె అంటే ఇష్టంగా ఉండేది. ఇద్దరం గాదె వెనక నీడలో కూర్చుని నా దగ్గరున్న పుస్తకాలు చదువుకునేవాళ్ళం. ఒక పుటలో కథ బాగుంటే ఆమె వేలు ఆ పుట మీద అలాగే ఉండిపోయేది.

ఎండలు ముదిరిన కాలంలో చిన్నాయన దగ్గరి నుంచి కార్డు వచ్చింది. వాళ్ళ పట్టాళాన్ని ఉత్తరాదికి, మంచు కొండల దిక్కు పంపుతున్నారు. సెలవు ఇవ్వలేదు. అయితే రైలు ఎర్రగుంట్ల మీదుగా పోతుంది, అక్కడ ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి ఆగుతుంది. బండి దిగకూడదని హుకుం. కిటికీ దగ్గరికి వస్తే చూసుకోవచ్చు. మళ్ళీ ఎప్పుడు వచ్చేదీ తెలియదు. కార్డు జేజినాయన పేరనే ఉంది, అందరి క్షేమమూ అడిగి ఉంది. చిన్నమ్మ పేరు అందులో లేదు, అప్పట్లో అలా రాసేవాళ్ళు కారు. కానీ ఆ కార్డు చేతులు మారి మారి చివరికి ఆమె తలగడ కిందికి చేరింది.

రైలు వచ్చే రోజు పొద్దున చిన్నమ్మ చీకటితోనే లేచి తల దువ్వుకుంది. జేజి కొడుకు కోసం తీపి నిప్పట్లు, శెనక్కాయ ఉంటలు మూట కట్టింది. మా ఊరి నుంచి ఎర్రగుంట్లకు ప్రొద్దుటూరు మీదుగా పోవాలి, పెన్న దాటాలి. ఎద్దుల బండి అయితే సాయంత్రానికి చేరుతుంది. రైలు మధ్యాహ్నానికి ముందే వస్తుంది. కారే దిక్కు.

కారు లేవలేదు.

జేజినాయన సెల్ఫ్ నొక్కితే ‘టక్’ మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే ఆ చప్పుడు కూడా సగమే వచ్చింది. కారు వారం పైగా కొట్టంలోంచి కదల్లేదు. నేను పక్కన నిలబడి ఉన్నాను. వాకిలి దగ్గర చిన్నమ్మ కొత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాకైతే ఏడుపు వచ్చేసింది. జేజినాయన మాత్రం తొందరపడలేదు. ఎద్దు మేత ముట్టకపోతే దాని నోరు, గిట్టలు, పొట్ట వరసగా చూసినట్టు, కారును కూడా వరసగా చూడటం మొదలుపెట్టాడు.

“హారన్ నొక్కు పాపా,” అన్నాడు. నొక్కాను. రొంప పట్టిన మేక అరిచినట్టు అరిచింది. తర్వాత దీపాలు వేశాడు. కొట్టం చీకట్లో అవి నూనె అయిపోవచ్చిన లాంతరులా పచ్చగా వెలిగాయి. సెల్ఫ్ నొక్కగానే అవి కూడా ఆరిపోయాయి. “దీపాలు బాగా వెలుగుతా సెల్ఫ్ తిరగకుంటే జబ్బు ఇంకో కాడ ఉన్నట్టు. దీపాలే సచ్చిపోతే జబ్బు బ్యాట్రీలోనన్నా ఉండాల, దాని వైర్ల కాడన్నా ఉండాల,” అని నాకు చెప్పాడు. ఏడుస్తున్న పిల్లకు పని చెప్పి మరిపించడం ఆయనకు తెలుసు.

వైర్లు బిగించిన చోట ఉప్పు పూసినట్టు తెల్లగా, పచ్చగా పొక్కులు ఉన్నాయి. నన్ను పంపి జేజి దగ్గర వేడి నీళ్ళు తెప్పించి, వైర్లు విప్పి, ఆ పొక్కుల మీద మాత్రమే తగిలేలా పోసి కడిగాడు. గోనె ముక్కతో మెరిసేదాకా రుద్ది, తుడిచి, మళ్ళీ గట్టిగా బిగించాడు. సెల్ఫ్ నొక్కితే మళ్ళీ ‘టక్’. అప్పుడు బ్యాట్రీ మూతలు విప్పి లోపలికి చూశాడు. నీళ్ళు ఉండవలసినంత ఉన్నాయి. ఆయన ముఖంలో మొదటిసారి ఆశ్చర్యం కనిపించింది. అన్నీ బాగున్నాయి, బలం మాత్రం లేదు. ఎటు పోయింది?

నిచ్చెన వేసుకుని అటక ఎక్కి జాడీ దించాడు. గుడ్డ విప్పి వెలుగులోకి వంచి చూశాడు. అడుగున సన్నగా తెల్లటి పొర పేరుకుని ఉంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఆ రుచి ఆయనకు తెలియకుండా ఉంటుందా? మా బావి నీళ్ళు.

సరిగ్గా అప్పుడే నాకు మధ్యాహ్నాలు గుర్తుకొచ్చాయి. జేజినాయన చేలోకి పోయాక జేజి లోపలి గదిలోకి ఒక లోటా తీసుకుని పోవడం, చిన్నమ్మ ఆ లోటా రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని తాగడం, తాగిన తర్వాత అవి కడుపులో నిలవడం నేను చూశాను. ఏ నీళ్ళో నేను అడగలేదు. జేజి కోడలికి వాన నీళ్ళు తాగించి, జాడీలో వెలితి కనపడకుండా బావి నీళ్ళు కలుపుతూ వచ్చింది. జేజినాయన నెలనెలా ఆ నీళ్ళనే వాన నీళ్ళనుకుని బ్యాట్రీకి పోశాడు. మోటరుకు పోసేవి కూడా నీళ్ళేగా, కాస్త ఉప్పయితే దానికి నోరుందా అడగడానికి అని జేజి అనుకుని ఉంటుంది.

జేజినాయన తల ఎత్తి జేజి వైపు చూశాడు. జేజి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె వెనక చిన్నమ్మ ఉంది. ఆమెకు కూడా అర్థమైంది, చేత్తో నోరు మూసుకుంది. తాను తాగిన నీళ్ళే తనను ఈ రోజు ఇంట్లో ఆపేశాయని ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది.

“నాదే పొరపాటు,” అన్నాడు జేజినాయన జాడీకి గుడ్డ కడుతూ. “వాన నీళ్ళు అయిపోయినాయని నేనే బాయి నీళ్ళు పోసి పెట్టి మర్చిపోతి. వయసయిపాయె.”

ఇంకొక రోజయితే ఆయన చిన్న మతిమరుపును కూడా జేజి వీధి వీధంతా వినేలా దెప్పేది. ఆ రోజు మాత్రం లోపలికి పోయి మజ్జిగ తెచ్చి, ఆయన చేతిలో పెట్టి, కొంగుతో ఆయన నుదుటి మీది మసి తుడిచింది. వాళ్ళిద్దరూ పిల్లల ముందర అంత దగ్గరగా నిలబడటం నేను చూడటం అదే మొదలు.

“బలం అంతా పోలేదులే. సెల్ఫ్ తిప్పలేదు గానీ ఇంజన్లో మంట పుట్టించేంత ఉండాది,” అన్నాడు మజ్జిగ తాగి. ఇక దీపాలు వేయవద్దని, హారన్ ముట్టవద్దని నాకు చెప్పి, వీధిలోకి పోయి మనుషులను పిలిచాడు.

మా ఇంటి ముందు నుంచి దారి వాగు లాంటి వంక వైపు దిగుతుంది. కింద వంకలో నీళ్ళు ఉండవు, మోకాటి లోతు ఇసుక. ఆ వాలులో ఇంజను అందుకుంటే అందుకున్నట్టు. అందుకోకుండా ఇసుకలో దిగబడితే దాన్ని పైకి లాగేసరికి రైలు గుంతకల్లు దాటిపోతుంది. కారును కొట్టంలోంచి వాలు మొదటిదాకా తోయడానికి వీధిలో ఉన్నవాళ్ళంతా వచ్చారు. పక్కింటి పెద్దయ్య అరుగు మీంచి దిగకుండానే అన్నాడు: “ఏమప్పా, మోటరుకు గూడా నీరసమొచ్చిందా? ఎద్దుల్ని కట్టమంటావా?”

“ఎద్దులకు సిగ్గయితాది లేప్పా. నువ్వొచ్చి ఒక చెయ్యెయ్యి,” అన్నాడు జేజినాయన లోపల కూర్చుంటూ.

“నా చెయ్యి తగిలితే నీ మోటరు నేరుగా ఎర్రగుంట్లలోనే నిలబడతాది, బ్రేకు చూసుకో!” అంటూ ఆయనా దిగి వచ్చాడు.

అందరూ కలిసి తోస్తే కారు వాలు అంచుకు వచ్చి తొంగిచూసి, మెల్లగా దొర్లింది. తర్వాత వేగం అందుకుంది. తోసినవాళ్ళు వెనకపడ్డారు. కారు కుదుపుకు ఒకసారి దగ్గింది, ఊరుకుంది. ఇంకా కిందికి పోయింది. మళ్ళీ దగ్గింది. చిన్నమ్మ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందో సాయంత్రం దాకా గోళ్ళ గుర్తులు ఉన్నాయి. ఇసుక దగ్గరికి వచ్చేసిందనగా వెనక నల్లటి పొగ తన్నింది. ఆ పొగ వెనకే ఇంజను చప్పుడు మిట్ట మీదికి ఎక్కి వచ్చింది. వీధంతా ఈల వేసింది. మేమిద్దరం మూట పట్టుకుని వాలు దిగి పోయేసరికి కారు నిలబడి వణుకుతూ ఉంది.

“ఇంక ఇంజను ఆపేది లేదు,” అన్నాడు జేజినాయన. “ఆపితే మళ్ళ లెయ్యదు.”

దారి పొడుగునా ఆ మాటే నాకు మనసులో తిరిగింది. ప్రొద్దుటూరులో మేకల మంద అడ్డం వచ్చినప్పుడు ఇంజను ఎక్కడ ఆగుతుందోనని ఊపిరి బిగపట్టాను. పెన్న దాటేటప్పుడు కింద చుక్క నీరు లేదు, ఇసుక మీద ఎండ తెల్లగా మండుతోంది. చిన్నమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా పెదవులు కదుపుతోంది. మొదట దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాను. తర్వాత అర్థమైంది, చెప్పవలసిన మాటలను మర్చిపోకుండా వరస పెట్టుకుంటోంది.

ఎర్రగుంట్ల స్టేషను బయట వేప చెట్ల కింద చల్లటి నీడ ఉంది, బళ్ళన్నీ అక్కడే ఆపి ఉన్నాయి. జేజినాయన ఆ నీడను దాటించి, అవతల నాపరాళ్ళు దొంతరలుగా పేర్చిన మిట్ట మీదికి, నడి ఎండలోకి పోనిచ్చాడు. అక్కడ ఆపి, ఇంజను మోగుతుండగానే చెప్పాడు: “మీరు పోండి. నేను ఈడనే ఉంటా. ఇంజను ఆగకుండా చూసుకోవల్ల గదా.”

చిన్నమ్మ తల వంచుకునే అంది, “మీరు రాకుంటే ఎట్ల మామా? ఆయన అడగడా?”

“మోటరు సంగతి వానికి తెలుసులేమ్మా. రైలు వచ్చే పొద్దయింది, పోండి.” నన్ను మాత్రం కిటికీ దగ్గరికి పిలిచి మెల్లగా అన్నాడు, “పాపా, నువ్వు వాళ్ళ కాడ నిలబడాకు. ముందరికి పోయి ఇంజను నీళ్ళు పట్టుకునేది చూడు. శానా బాగుంటాది.”

రైలు నిండా పట్టాళం వాళ్ళే. “పాపా!” అని ఒక కిటికీలోంచి చిన్నాయన కేక వేశాడు. నేను ఆయనను చూసి నవ్వి, చిన్నమ్మను అక్కడ వదిలి, జేజినాయన చెప్పినట్టే ముందుకు పోయాను. పెద్ద తొండం లాంటి గొట్టంలోంచి ఇంజనులోకి నీళ్ళు పడుతున్నాయి. చుట్టూ కారిపోయే నీళ్ళ కింద ఎవరెవరో చెంబులు పట్టుకుని నిలబడ్డారు. నేను తిరిగి చూశాను. ఇంట్లో నోరు మెదపని మా చిన్నమ్మ ఆగకుండా మాట్లాడుతోంది. చేతులు తిప్పుతోంది, నవ్వుతోంది, ఒకసారి కళ్ళు తుడుచుకుని మళ్ళీ మాట్లాడుతోంది. చిన్నాయన కిటికీ ఊచల మీదున్న ఆమె వేళ్ళను తన చేత్తో కప్పి ఉంచి, వింటున్నాడు. ఆమె గొంతు అంత దూరం వినపడుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

కాసేపటికి చిన్నాయన చెయ్యి ఊపి నన్ను పిలిచాడు. “నాయన యాడ పాపా?” అన్నాడు. ఇంజను ఆపకూడదని కారులోనే ఉన్నాడని చెప్పాను. ఆయన మెడ చాచి గేటు వైపు చూశాడు. గేటు అవతల నాపరాళ్ళ దొంతరలు తప్ప ఏమీ కనిపించవు. “ఆ ముసిలి మోటరు ముందర మేము యాడ అగపడతాం నాయనకు,” అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

నాకు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు. ఎలాగైనా జేజినాయనను లాక్కుని రావాలి, కావాలంటే పెడల్ మీద నేను కాలు పెట్టి కూర్చుంటాను అనుకుని గేటు దాటి పరుగెత్తాను.

దగ్గరికి పోయేసరికి కారు చప్పుడు లేదు. జేజినాయన లోపల లేడు. రాళ్ళ పక్కన ఎండలో నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, రైలు వైపు చూస్తున్నాడు. అక్కడి నుంచి కనిపించేది రైలు పెట్టెల కప్పులు, వాటి మీద పొగ, అంతే.

“ఇంజను ఆగిపోయింది జేజినాయనా!” అన్నాను ఏడుపు గొంతుతో.

“ఆగలే. నేనే ఆపినా,” అన్నాడు అటే చూస్తూ. “వాలు చూడలేదా నువ్వు?”

అప్పుడు చూశాను. కారు ముక్కు కిందికి ఉంది. ముందు చక్రం కింద నాపరాయి ముక్క ఉంది. రాయి తీస్తే దొర్లుతుంది, దొర్లితే లేస్తుంది. ఇన్నేళ్ళుగా ఆయన చేసేది అదే, నేను చూసేది అదే. నీడను వదిలి ఈ మిట్ట ఎందుకు ఎక్కించాడో నాకు ఆలోచన కూడా రాలేదు. వాలులో ఆపిన కారుకు ఎవరూ కాపలా కూర్చోనక్కరలేదు.

“మరి రాలేదేం? చిన్నాయన అడుగుతాండాడు,” అన్నాను.

“వస్తే ఏమైతాది పాపా? ఇంజను నీళ్ళు పట్టుకునేంత సేపూ నేనూ వాడూ వానల గురించి మాట్లాడుకుంటాం. ఆ పిల్ల నా ముందర తల వంచుకోని, నిప్పట్ల మూట పట్టుకోని నిలబడతాది. నీళ్ళు అయిపోతాయి, బండి పోతాది.” స్టేషను వైపు గడ్డం ఎత్తి, “మాట్లాడుతాండాదా?” అని అడిగాడు.

“ఆగకుండా మాట్లాడుతాండాది.”

ఆయన తల ఊపాడు. తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఎండకే అయి ఉండవచ్చు. “మీ చిన్నమ్మకు చెప్పాకు,” అన్నాడు.

రైలు కూత వేసింది. ఇప్పుడైనా పరుగెత్తితే అందుకోవచ్చని నేను ఆయన చెయ్యి పట్టి లాగాను. ఆయన చెయ్యి రాలేదు, నా చేతిని పట్టుకుని అలాగే ఉండిపోయింది. పెట్టెల కప్పులు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. వాటిలో ఏది చిన్నాయనదో మా ఇద్దరికీ తెలియదు, అన్నిటినీ చూశాం. పొగ కూడా పలచబడిన తర్వాత జేజినాయన తలగుడ్డ చుట్టుకుని కారెక్కి, బ్రేకు తొక్కి పట్టుకుని, “పక్క నుంచి ఆ రాయి లాగి జరుగు పాపా,” అన్నాడు. లాగాను. కారు దొర్లి, కొంచెం దగ్గి, లేచింది. చిన్నమ్మ గేటు దాటి వచ్చేసరికి ఇంజను పొద్దుటి నుంచీ ఆగనట్టే మోగుతోంది.

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వాన వెలిసిన వాకిలిలా ఉంది. “మిమ్మల్ని అడిగినానని చెప్పమన్నాడు మామా,” అంది. జేజినాయన “ఊ” అన్నాడు. మోటరు గురించి చిన్నాయన అన్న మాటను నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు రెండో వానకు జేజినాయన వాకిట్లో ఎనిమిది కొయ్యలు పాతాడు. రెండు పంచెలు కట్టాడు. ఒక జాడీ అటక మీదికి పోయింది. రెండోది ఏమీ చెప్పకుండా చిన్నమ్మ గది గడప పక్కన పెట్టి పోయాడు. జేజి తన ఊరగాయలకు మట్టి కుండలు వెతుక్కుంది, ఆ ఏడు సణగలేదు.

చిన్నమ్మకు కొడుకు పుట్టాడు. చిన్నాయనకు సెలవు దొరకలేదు. ఆ పిల్లవాడు అడుగులు వేసే కాలానికి, మబ్బులు పట్టే ముందు, జేజినాయన పోయాడు. ఆఖరి రోజుల్లో కూడా ఆయన ఎవరినీ చూడాలని అడగలేదు. వాన వచ్చేలా ఉందా అని మాత్రం అడిగేవాడు. చిన్నాయన వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

వచ్చిన మరుసటి రోజు చిన్నాయన కొట్టంలోకి పోయి, దుమ్ము పట్టిన కారులో జేజినాయన కూర్చునే చోట కూర్చున్నాడు. నేను ఎద్దులకు మేత వేయడానికి పోయి ఆయనను చూసి వెనక్కి తిరగబోయాను. “రా పాపా,” అన్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టి, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు, “ఆ దినం గూడా దీన్ని ఇడిచిపెట్టి నా కాడికి రాలేకపాయె గదా నాయన. ఒక్క తూరి చూసింటే బాగుండు.”

చిన్నమ్మకు చెప్పవద్దని జేజినాయన నాతో అన్నాడు. చిన్నాయనకు చెప్పవద్దని అనలేదు. అయినా చేతిలోని మేతను కింద పెట్టి, కారు పక్కకు పోయాకే నోరు తెరవగలిగాను.

“కారు వాలులో ఆపినాడు చిన్నాయనా,” అన్నాను.

“ఏందీ?”

“ఎర్రగుంట్లలో. నాపరాళ్ళ కాడ మిట్ట ఉండాది గదా, ఆడ. ముక్కు కిందికి పెట్టి, రాయి ఏసి.”

ఆయన ఆ కారు పక్కన పెరిగిన మనిషి. చిన్నప్పుడు ఆ చక్రాల కింద రాళ్ళు వేసిందీ తీసిందీ ఆయనే. ఇంకొక మాట చెప్పవలసిన అవసరం రాలేదు. ఆయన నా వైపు చూసి, మళ్ళీ ముందు అద్దం వైపు తిరిగాడు. చాలాసేపు ఆ దుమ్ము పట్టిన అద్దంలోంచి, ఎదురుగా గోడ తప్ప ఏమీ లేని చోటికి చూస్తూ కూర్చున్నాడు. నేను మేత వేసి మెల్లగా వచ్చేశాను.

ఇప్పుడు నేను కర్నూలు పక్కన కల్లూరులో అన్నా వదినల దగ్గర ఉంటున్నాను. అన్నకు కాలువ పనుల మీద ఉద్యోగం, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోతాడు. ఇల్లు చిన్నది, ఒక గది, ఒక వంటిల్లు. వదిన కొత్తగా వచ్చిన మనిషి. ఆమె నా ముందర అన్నతో నేరుగా మాట్లాడదు. “కూరలో ఉప్పు సరిపోయిందేమో అడుగు,” అని నాతో అంటుంది. ఆయన నాతోనే “సరిపోయిందని చెప్పు” అంటాడు. ఇద్దరూ నా మీదుగా అలా ఉప్పు గురించి మాట్లాడుకుంటూ ఉంటే, ఆదివారం అయిపోతూ ఉంటుంది.

అప్పుడు నేను లేచి, “పాలు పొంగుతాయేమో చూసొస్తా,” అని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేస్తాను.

పొయ్యిలో నిప్పు ఉండదు. పాలు ఎప్పుడో కాచి, మూత పెట్టి, ఉట్టి మీదికి ఎక్కించి ఉంటాయి. పీట వేసుకుని పుస్తకం తెరుస్తాను గానీ చదవను. అవతల నుంచి మాటలు మొదట ఆగి ఆగి, తర్వాత ఆగకుండా వినిపిస్తాయి. ఏం మాటలో తెలియవు, తెలుసుకోవాలనీ ఉండదు. చల్లారిన పొయ్యి ముందు కూర్చున్న నాకు, ఎర్రటి ఎండలో తలగుడ్డ చేతిలో పట్టుకుని రైలు కప్పుల వైపు చూస్తున్న మనిషి కనిపిస్తాడు. ఆయన పక్కకు పోయి చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది. ఇంకాసేపు నిలబడు జేజినాయనా, ఇంజను ఇంకా నీళ్ళు పట్టుకుంటూనే ఉండాది అని చెప్పాలనిపిస్తుంది.